ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లో పీరింగ్‌కు రౌటర్ ఎంపిక: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆపరేటర్లకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు, సింగరాయకొండ వంటి ఊళ్లలో కేబుల్ టీవీతో మొదలై ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్‌లోకి వచ్చిన ఆపరేటర్లు చాలామంది నేటికీ తమకు కావలసిన బ్యాండ్‌విడ్త్ అంతటినీ ఒకరిద్దరు పెద్ద ప్రొవైడర్ల దగ్గర నెలసరి ధరకు కొంటున్నారు. చందాదారులు సాయంత్రం పూట చూసే వీడియోలో అధికభాగం కొద్ది పెద్ద కంటెంట్ సంస్థల నుంచే వస్తుంది. వాటిలో చాలావరకు చెన్నై, హైదరాబాద్‌ల ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లలో (నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి కలిసే ఉమ్మడి స్విచ్ కేంద్రాలలో) నేరుగా కలుస్తాయి. అక్కడ ఒక పోర్టు తీసుకుని, మధ్యవర్తి లేకుండా ఆ ట్రాఫిక్‌ను ఇచ్చిపుచ్చుకోవడమే పీరింగ్. దీనికి సిద్ధపడినవారు మొట్టమొదట అడిగేది ఏ కంపెనీ రౌటర్ కొనాలని. ఈ మార్గదర్శి ఆ ప్రశ్నను కావాలనే వెనక్కి నెడుతుంది. రౌటర్ ఎక్కడ ఉండాలి, ఎన్ని రూట్లు (ఏ చిరునామాకు ఏ దారిలో పంపాలో చెప్పే నమోదులు) మోయాలి, దారి తెగినప్పుడు ఎలా నడుచుకోవాలి అన్న మూడు సంగతులు తేలితే, కంపెనీ పేరు దాదాపు దానంతట అదే తేలుతుంది.

మొదటి అడుగు: పీరింగ్‌కు అర్హత, నంబర్లు

పీరింగ్ చేయాలంటే సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో ఒక్కో నెట్‌వర్క్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య), సొంత ఐపీ చిరునామాలు ఉండాలి. మన దేశంలో ఈ రెండింటినీ కేటాయించేది ఐఆర్‌ఐఎన్‌ఎన్ అనే రిజిస్ట్రీ. అది 2003లో ఏర్పడిన, దేశంలో ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లు నడిపే నిక్సీ సంస్థలో భాగం. పెద్ద ప్రొవైడర్ పేరు మీద, వారి ఐపీలతో ఫ్రాంచైజీగా నడుపుతున్నవారు ముందు లైసెన్సు, నంబర్ల పని పూర్తిచేసుకోవాలి. ఒక జిల్లా పరిధికి సరిపడే సి కేటగిరీ ఐఎస్‌పీ (ఇంటర్నెట్ సేవాదారు) లైసెన్సు ఉన్నవారు లైసెన్సు దశ దాటినట్టే. ఐపీవీ4లో కనీసం ఒక /24, అంటే 256 చిరునామాల బ్లాకు, ఐపీవీ6లో కనీసం ఒక /48 లేకపోతే మీ ప్రకటనను (ఈ చిరునామాలు మా దగ్గర ఉన్నాయని పొరుగు నెట్‌వర్క్‌లకు చెప్పడాన్ని) బయటి నెట్‌వర్క్‌లు సాధారణంగా స్వీకరించవు.

రౌటర్ ఎంపికకు సంబంధించిన తొలి షరతు ఇక్కడే పుడుతుంది. ఇప్పుడు కొత్తగా ఇచ్చే ఏఎస్ నంబర్లు సాధారణంగా 32 బిట్లవి. పాత బీజీపీ కమ్యూనిటీలలో (నెట్‌వర్క్‌లు రూట్లు ఇచ్చిపుచ్చుకునే బీజీపీ ప్రోటోకాల్‌లో రూట్లకు తగిలించే సంకేత అంకెలలో) ఒక్కో సగానికి 16 బిట్ల చోటే ఉంటుంది కనుక మీ నంబరు అందులో పట్టదు. ఆ లోటు తీర్చడానికి 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8092 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ద్వారా లార్జ్ కమ్యూనిటీలు వచ్చాయి. ఎక్స్ఛేంజ్‌లోని రూట్ సర్వర్‌కు (సభ్యుల రూట్లను ఒకరి నుంచి మరొకరికి చేరవేసే సర్వర్‌కు), ఫలానా సభ్యుడికి మా రూట్లు పంపవద్దని చెప్పాలంటే అవి కావాలి. చవకగా దొరుకుతున్న పాత రౌటర్ సాఫ్ట్‌వేర్ వీటిని గుర్తించకపోతే బేరం అక్కడితో ఆపడం మంచిది.

రెండో అడుగు: రౌటర్ చెన్నైలోనా, మన ఊళ్లోనా

రెండు పద్ధతులు ఉన్నాయి. ఎక్స్ఛేంజ్ ఉన్న డేటా సెంటర్‌లో కొంత ర్యాక్ అద్దెకు తీసుకుని రౌటర్‌ను అక్కడే పెట్టి, దాని నుంచి నెల్లూరుకో ఒంగోలుకో లైను తెచ్చుకోవడం ఒకటి. ఎక్స్ఛేంజ్ పోర్టునే లేయర్ 2 లీజు లైను (మధ్యలో రౌటర్ లేకుండా రెండు చోట్లను ఒకే స్విచ్‌లాగా కలిపే లైను) మీద మన ఊరి వరకు పొడిగించుకుని రౌటర్‌ను మన ఆఫీసులో ఉంచడం రెండోది. దీనిని రిమోట్ పీరింగ్ అంటారు.

దూరం వల్ల వేగం తగ్గుతుందన్న భయం అక్కరలేదు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి రోడ్డు మార్గం 175 కిలోమీటర్ల చిల్లర అనుకుంటే, వెళ్లిరావడానికి 2 మిల్లీసెకన్లకు కాస్త అటూ ఇటుగా అవుతుంది. చందాదారుకు ఈ తేడా తెలియనే తెలియదు. తేడా తెలిసేది లైను తెగినప్పుడు.

రిమోట్ పీరింగ్‌లో మధ్య దారి ఎక్కడో తెగినా, చెన్నైలో ఎక్స్ఛేంజ్ స్విచ్‌కు తగిలించిన పోర్టు వెలుగుతూనే ఉంటుంది, మన ఆఫీసులోని పోర్టు కూడా చాలాసార్లు వెలుగుతూనే ఉంటుంది. పొరుగు రౌటర్ నుంచి పలుకు లేకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పే బీజీపీ హోల్డ్ టైమర్ 90 లేదా 180 సెకన్లు ముగిసేదాకా రెండు వైపులా దారి ఉందనుకుని ప్యాకెట్లు పంపుతూనే ఉంటారు, అవన్నీ గాలిలో కలిసిపోతాయి. దీనికి విరుగుడు, దారి తెగిన సంగతిని త్వరగా పసిగట్టే బీఎఫ్‌డీ ప్రోటోకాల్. కాబట్టి రిమోట్ పీరింగ్ ఎంచుకునేవారు, రూట్ సర్వర్ బీఎఫ్‌డీని అంగీకరిస్తుందా, కొనబోయే రౌటర్ దానిని సీపీయూ మీద భారం లేకుండా నడపగలదా అని ముందే అడగాలి.

రౌటర్ చెన్నైలో ఉంటే చిక్కు మరో రూపంలో వస్తుంది. చాలామంది తమ /22 బ్లాకును బీజీపీలోకి ఎక్కించడానికి ఆ రౌటర్‌లోనే ఒక నల్ స్టాటిక్ రూట్ (చేత్తో రాసిన, ప్యాకెట్లను ఎటూ పంపకుండా పారవేసే రూట్) రాసి పెడతారు. చెన్నై నుంచి నెల్లూరుకు ఉన్న లైను తెగినా ఆ స్టాటిక్ రూట్ చెక్కుచెదరదు. రౌటర్ మన చిరునామాలను ఎక్స్ఛేంజ్‌లో ప్రకటిస్తూనే ఉంటుంది, వచ్చిన ట్రాఫిక్‌ను మింగేస్తూనే ఉంటుంది, హైదరాబాద్ వైపు ఉన్న రెండో లైను ఖాళీగా కూర్చుంటుంది. అందువల్ల మన ఊరి రౌటర్ నుంచి వచ్చే రూట్ ఉన్నంతవరకే ప్రకటన సాగేలా షరతు పెట్టగల సౌకర్యం చెన్నైలో పెట్టే రౌటర్‌లో ఉండి తీరాలి. ప్రచార పత్రంలో ఇది ఒక చిన్న గీతలాగా కనబడుతుంది, లేదా అసలు కనబడదు. డీలర్‌ను నిలదీసి అడగాల్సింది ఇదే.

ఈ ప్రాంతంలో లైను తెగడం ఊహించి చెప్పేది కాదు. 2021 నవంబరు పెన్నా వరదలో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. ఒకటి రోడ్డు పక్కన, మరొకటి రైలు మార్గం వెంట వెళుతోంది కాబట్టి రెండు లైన్లూ వేరువేరు అని నమ్ముకోవడానికి వీల్లేదని ఆ వరద చూపింది. ఒంగోలు ఆపరేటర్‌కు దక్షిణాన చెన్నై లైనుతో పాటు ఉత్తరాన విజయవాడ మీదుగా హైదరాబాద్ లైను ఉంటేనే నిజమైన రెండు దారులు ఉన్నట్టు. నెల్లూరులో ఉన్నవారు పెన్నాకు ఏ ఒడ్డున తమ ప్రధాన పరికరాలు ఉన్నాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి. లైను అమ్మే సంస్థను ఫైబర్ వెళ్లే దారి మ్యాపు అడగండి; ఇద్దరు అమ్మకందారుల లైన్లు ఒకే కందకంలో వెళ్లడం అరుదేమీ కాదు.

నా మొగ్గు, గరిష్ఠ ట్రాఫిక్ కొన్ని గిగాబిట్లకు మించనివారికి రిమోట్ పీరింగ్ వైపు, అంతకంటే పెద్దవారికి చెన్నై ర్యాక్ వైపు ఉంటుంది. ఒకే లేయర్ 2 లైనుతో మొదలుపెట్టేవారు ట్రాన్సిట్‌ను (పెద్ద ప్రొవైడర్ల దగ్గర కొనే బ్యాండ్‌విడ్త్‌ను) తగ్గించుకోకుండా అలాగే ఉంచుకోవాలి.

మూడో అడుగు: ట్రాఫిక్ కొలత

రాత్రి 8 నుంచి 11 గంటల మధ్య మీ ప్రస్తుత లైను గ్రాఫు చూడండి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు, కొత్త సినిమా ఓటీటీలో విడుదలైన రోజు విడిగా చూడండి. ఉదాహరణకు 3,000 కనెక్షన్లు ఉండి, గరిష్ఠ సమయంలో ఒక్కో కనెక్షన్‌కు సగటున 2.5 ఎంబీపీఎస్ పడుతోందనుకుంటే మొత్తం 7.5 జీబీపీఎస్. అందులో ఎంత భాగం ఎక్స్ఛేంజ్ మీదికి మారుతుందో తెలియాలంటే ప్రస్తుత రౌటర్ నుంచి నెట్‌ఫ్లో లేదా ఎస్‌ఫ్లో (ట్రాఫిక్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చెప్పే లెక్కలు) తీసి, ఏఎస్ నంబర్ల వారీగా విడగొట్టి, ఆ నంబర్లు ఏ ఎక్స్ఛేంజ్‌లో ఉన్నాయో పీరింగ్‌డీబీ వెబ్‌సైట్‌లో సరిచూడాలి. నిక్సీ, ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్, డీఈ-సిక్స్ వంటి ఎక్స్ఛేంజ్‌ల సభ్యుల జాబితాలు అక్కడ ఉంటాయి. అంచనాల మీద పోర్టు కొనడం కంటే ఒక వారం ఫ్లో సేకరించడం చవక.

గిగాబిట్లతో పాటు ప్యాకెట్ల లెక్క కూడా వేయాలి. 10 జీబీపీఎస్ లైను నిండా అతి చిన్న 64 బైట్ల ప్యాకెట్లే వస్తే సెకనుకు 1.488 కోట్ల ప్యాకెట్లు అవుతాయి. మామూలు వీడియో ట్రాఫిక్‌లో సగటు ప్యాకెట్ 800 బైట్లనుకుంటే అదే లైనులో 15 లక్షల పైచిలుకు మాత్రమే. డీడాస్ దాడి (అనేక యంత్రాల నుంచి ఒకేసారి ప్యాకెట్లు కుమ్మరించే దాడి) వచ్చినప్పుడు మొదటి లెక్క వర్తిస్తుంది. రౌటర్ పెట్టె మీద రాసిన గిగాబిట్లు ఏ ప్యాకెట్ పరిమాణానికి, ఎన్ని ఫిల్టర్లు పెట్టినప్పుడు కొలిచారో అడగకుండా ఆ అంకెను నమ్మకూడదు.

నాలుగో అడుగు: ఎన్ని రూట్లు మోయాలి

ధరను అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఈ ప్రశ్నే. రౌటర్‌లో రూట్లు రెండు చోట్ల ఉంటాయి. పొరుగువారి నుంచి విన్నవన్నీ సాధారణ మెమరీలో ఉంటాయి. దానిని ఆర్‌ఐబీ అంటారు, అది చవక. వాటిలో ఎంపికైనవి ప్యాకెట్లను పంపే చిప్‌లోకి ఎక్కుతాయి. దానిని ఎఫ్‌ఐబీ అంటారు. హార్డ్‌వేర్ రౌటర్లలో ఎఫ్‌ఐబీ పరిమాణం చిప్‌తో పాటే స్థిరపడిపోతుంది, తర్వాత పెంచుకోలేము.

ప్రపంచం మొత్తం రూట్ల పట్టికలో ఇప్పుడు ఐపీవీ4 రూట్లు సుమారు 10 లక్షలు, ఐపీవీ6 రూట్లు 2 లక్షలకు పైన ఉన్నాయి. 2014 ఆగస్టు 12న ఐపీవీ4 పట్టిక 512 వేలు దాటినప్పుడు, సిస్కో 6500, 7600 వంటి అప్పటి రౌటర్లలో చాలావాటికి చిప్‌లో చోటు చాలక పలు దేశాల్లో నెట్‌వర్క్‌లు కుంటుపడ్డాయి. ఆ తరం యంత్రాలు సెకండ్ హ్యాండ్‌లో ఎదురైనప్పుడు ధర చూసి ఆశపడే ముందు ఎఫ్‌ఐబీ అంకె చూడాలి.

అయితే పీరింగ్‌కు మాత్రమే ఉపయోగించే రౌటర్‌కు పూర్తి పట్టిక అవసరమే లేదు. ఎక్స్ఛేంజ్ సభ్యులు తమ రూట్లను, తమ కస్టమర్ల రూట్లను మాత్రమే ఇస్తారు. అది పూర్తి పట్టికలో కొంత భాగమే. మన జిల్లాల నెట్‌వర్క్‌లలో ట్రాఫిక్ లోపలికి వచ్చేదే ఎక్కువ. బయటికి పోయే కొద్దిపాటి ట్రాఫిక్‌ను రెండు ట్రాన్సిట్‌ల మధ్య అతి సూక్ష్మంగా పంచడానికి లక్షల రూపాయలు అదనంగా పెట్టి పూర్తి పట్టిక మోసే యంత్రం కొనడం వృథా. పీరింగ్ రూట్లను వివరంగా తీసుకుని, మిగిలిన ప్రపంచానికి ట్రాన్సిట్ నుంచి ఒక డిఫాల్ట్ రూట్ తీసుకుంటే చాలు. రేపు చిన్న ఆపరేటర్లకు మీరే ట్రాన్సిట్ అమ్మాలనుకుంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు కనీసం 20 లక్షల ఐపీవీ4 రూట్లకు తగిన ఎఫ్‌ఐబీ చూసుకోవాలి.

ఈ డిఫాల్ట్ పద్ధతిలో ఒక లొసుగు ఉంది. పీరింగ్ పోర్టు ఉన్న రౌటర్‌లోనే డిఫాల్ట్ రూట్ ఉంటే, ఎక్స్ఛేంజ్‌లోని ఎవరైనా తమ ట్రాఫిక్‌ను మీ మీదికి తోసి మీ ట్రాన్సిట్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. దానిని ఆపడానికి, ఎక్స్ఛేంజ్ పోర్టు నుంచి లోపలికి వచ్చే ప్యాకెట్ల గమ్యం మన చిరునామాలలో ఒకటి కాకపోతే పారవేసే ఫిల్టర్ పెట్టాలి. ఈ ఫిల్టర్‌ను వేగం తగ్గకుండా హార్డ్‌వేర్‌లో నడపగలగడం ఎంపికలో ఒక ఖచ్చితమైన షరతు కావాలి.

ఐదో అడుగు: ఏ తరహా యంత్రం

చిప్ మీద నడిచే అసలైన రౌటర్ల తరగతిలో జునిపర్ ఎంఎక్స్204 చిన్న ఐఎస్‌పీలలో బాగా తెలిసిన పేరు. ఒక ర్యాక్ యూనిట్‌లో నాలుగు 100 గిగాబిట్ పోర్టులు, ఎనిమిది 10 గిగాబిట్ పోర్టులు, మొత్తం 400 జీబీపీఎస్ సామర్థ్యం. పూర్తి పట్టిక, ఫిల్టర్లు, బీఎఫ్‌డీ అన్నీ శ్రమ లేకుండా మోస్తుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అరిస్టా 7280ఆర్ శ్రేణి వంటి పెద్ద పట్టిక గల స్విచ్‌లు పోర్టుకు పడే ఖర్చులో మెరుగు.

మన జిల్లాల్లో ఎక్కువగా కనబడేది మైక్రోటిక్. సీసీఆర్2116లో 16 కోర్ల ప్రాసెసరు, 16 జీబీ మెమరీ, నాలుగు 10 గిగాబిట్ పోర్టులు ఉంటాయి. సీసీఆర్2216లో 25, 100 గిగాబిట్ పోర్టులు కూడా ఉంటాయి. మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ పాత 6వ వెర్షన్‌లో బీజీపీ ఒకే కోర్ మీద నడిచేది, పెద్ద పట్టిక కదిలినప్పుడు నిమిషాల తరబడి తేరుకునేది కాదు; 7లో ఆ భాగాన్ని తిరిగి రాశారు, ఆర్‌పీకేఐ (రూట్‌ను ప్రకటించే హక్కు ఎవరికుందో సరిచూసే పద్ధతి) కూడా వచ్చింది. వీటి చిప్‌లో పట్టే రూట్లు పరిమితం, మిగిలినవి సీపీయూ మీద పడతాయి. పీరింగ్ మాత్రమే చేసే 10 గిగాబిట్ లోపు ఆపరేటర్‌కు ఇవి సరిపోతాయన్నది నా అభిప్రాయం, కనెక్షన్ ట్రాకింగ్ (ప్రతి కనెక్షన్‌నూ గుర్తుపెట్టుకునే పని) ఆపివేసి ఉంచితే. సర్వర్ మీద బర్డ్ లేదా ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నడపడం కూడా మంచి మార్గమే, కాని లినక్స్ బాగా తెలిసిన మనిషి జీతగాడిగా ఉన్నవారికే.

ఏ తరహా ఎంచుకున్నా, పీపీపీఓఈ (చందాదారుల లాగిన్), సీజీనాట్ (ఒకే ఐపీ చిరునామాను చాలామందికి పంచడం), పీరింగ్ మూడింటినీ ఒకే పెట్టెలో నడిపే మన అలవాటును మానుకోవాలి. ఊళ్లో కరెంటు పోయి వచ్చిన క్షణంలో వేలమంది చందాదారులు ఒకేసారి లాగిన్ అవుతారు. సీపీయూ ఆ పనిలో మునిగిపోతే బీజీపీ కీపలైవ్‌లు (నేను ఉన్నానని పొరుగు రౌటర్‌కు చెప్పే సందేశాలు) ఆలస్యమవుతాయి, సెషన్లు పడిపోతాయి, రూట్లన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. బడ్జెట్ తక్కువైతే ఒక పెద్ద రౌటర్‌కు బదులు రెండు మధ్యరకం రౌటర్లు కొని పనులు విడగొట్టండి.

ఆరో అడుగు: భద్రతకు తప్పనిసరి సౌకర్యాలు

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికం తమ దేశంలో యూట్యూబ్‌ను అడ్డుకోవడానికి రాసుకున్న ఒక /24 రూట్ బయటికి పొక్కింది. దాని పైనున్న ప్రొవైడర్ ఫిల్టర్ చేయకపోవడంతో ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ దాదాపు రెండు గంటలు అందలేదు. పీరింగ్‌లో పొరుగువారి పొరపాటు మన మీద, మన పొరపాటు పొరుగువారి మీద పడుతుంది. అందువల్ల రౌటర్ ఆర్‌టీఆర్ ప్రోటోకాల్ ద్వారా ఆర్‌పీకేఐ వాలిడేటర్‌తో మాట్లాడి, చెల్లని రూట్లను తిరస్కరించగలగాలి. వాలిడేటర్‌గా రౌటినేటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చిన్న సర్వర్ మీద నడపవచ్చు. మీ సొంత బ్లాకులకు ఆర్‌ఓఏలు (ఈ చిరునామాలను ఈ ఏఎస్ నంబరు ప్రకటించవచ్చన్న సంతకం చేసిన పత్రాలు) చేయించడం కూడా మరచిపోకూడదు.

ఆర్‌ఎఫ్‌సీ 8212 ప్రకారం, పాలసీ (ఏ రూట్లు తీసుకోవాలి, ఏవి ఇవ్వాలన్న నియమం) రాయని బయటి బీజీపీ సెషన్‌లో ఏ రూటూ రాకూడదు, పోకూడదు. మీ రౌటర్ డిఫాల్ట్‌గా అలా నడవకపోతే ఆ పాలసీని మీరే ముందు రాయాలి. ప్రతి సెషన్‌కు గరిష్ఠ ప్రిఫిక్స్ పరిమితి (ఎన్ని చిరునామా బ్లాకుల వరకు స్వీకరించాలన్న హద్దు), కంట్రోల్ ప్లేన్‌కు (రౌటర్‌లో నిర్ణయాలు తీసుకునే భాగానికి) రక్షణ, ఎస్‌ఫ్లో లేదా నెట్‌ఫ్లో, ఐపీవీ6లోనూ ఇవన్నీ సమానంగా పనిచేయడం అవసరం. ఆఖరుదానిని డెమోలో స్వయంగా పరీక్షించండి, ఐపీవీ4కు ఉన్న ఫిల్టర్ ఐపీవీ6కు లేని యంత్రాలు ఉన్నాయి.

ఏడో అడుగు: ఆప్టిక్స్, కరెంటు, వేడి

డేటా సెంటర్‌లో క్రాస్ కనెక్ట్ (మీ ర్యాక్‌ను ఎక్స్ఛేంజ్ స్విచ్‌కు కలిపే కేబుల్) సాధారణంగా సింగిల్ మోడ్ ఫైబర్ మీద ఉంటుంది కనుక 10 కిలోమీటర్ల ఎల్‌ఆర్ ఆప్టిక్ (ఫైబర్‌ను పోర్టుకు కలిపే మాడ్యూల్) తీసుకోండి, ఒకటి అదనంగా అక్కడే ఉంచండి. కొన్ని కంపెనీల రౌటర్లు తమ ముద్ర లేని ఆప్టిక్‌ను ఒప్పుకోవు. ఆ ఖర్చును కొటేషన్‌లోనే రాయించుకోవాలి.

రౌటర్ ఒంగోలులోనో నెల్లూరులోనో ఉంటే ఎండాకాలం 40 డిగ్రీలు దాటే వేడిని, ఏసీ ఆగిన గంటను లెక్కలో పెట్టుకోవాలి. 48 వోల్టుల బ్యాటరీ బ్యాంకు ఉన్నవారికి డీసీ పవర్ సప్లై గల మోడల్ మేలు. చెన్నైలో ఉంటే రెండు పవర్ సప్లైలు, 4జీ మోడెం మీద విడి కన్సోల్ దారి తప్పనిసరి, లేకపోతే ఒక తప్పు కమాండ్‌కు బస్సెక్కాల్సి వస్తుంది. 300 వాట్ల యంత్రం నెలకు 216 యూనిట్లు కాలుస్తుంది. మూడేళ్ల ఖర్చులో దీనిని, ర్యాక్ అద్దెను, లైసెన్సు రుసుములను కలిపి పోల్చాలి.

ఎనిమిదో అడుగు: కొనుగోలు, పరీక్ష, అమరిక

2021 జూన్ 15 నుంచి టెలికం లైసెన్సుదారులు తమ నెట్‌వర్క్‌లో కొత్తగా కలిపే పరికరాలు ట్రస్టెడ్ సోర్స్ (ప్రభుత్వం ఆమోదించిన నమ్మకమైన మూలం) నుంచి వచ్చినవై ఉండాలన్న షరతు అమల్లో ఉంది. కొనబోయే మోడల్ ఆ జాబితాలో ఉందన్న హామీని, టీఈసీ (టెలికం శాఖ ఇంజినీరింగ్ కేంద్రం) ధ్రువీకరణ పత్రాన్ని డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. తయారీదారు సాఫ్ట్‌వేర్ మద్దతు ఎప్పుడు ఆపుతాడో చూడండి. సెకండ్ హ్యాండ్ కొనేవారికి ఈ రెండూ మరింత ముఖ్యం.

డబ్బు కట్టే ముందు వారం రోజులు యంత్రాన్ని ఆఫీసులో పెట్టుకోండి. పాత రౌటర్ నుంచి రూట్లన్నీ దానికి పంపి, సెషన్ తెంపి, మళ్లీ అతుక్కుని రూట్లు ఎఫ్‌ఐబీలోకి ఎక్కడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి చూడండి. ఒక పవర్ సప్లై లాగండి. ఫిల్టర్లన్నీ పెట్టి మళ్లీ వేగం కొలవండి.

ఎక్స్ఛేంజ్ వారు సాధారణంగా మొదట మిమ్మల్ని విడి వీలాన్‌లో (స్విచ్‌లో వేరుచేసిన భాగంలో) ఉంచి పరీక్షిస్తారు. ఆ పోర్టు మీద ఒకే మ్యాక్ చిరునామా కనబడాలి. లోపలి నెట్‌వర్క్‌కే పనికొచ్చే ప్రాక్సీ ఏఆర్‌పీ, ఎల్‌ఎల్‌డీపీ, సీడీపీ, స్పానింగ్ ట్రీ, ఓఎస్‌పీఎఫ్, ఐపీవీ6 రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్‌లు ఆపి ఉండాలి. మైక్రోటిక్‌లో నైబర్ డిస్కవరీ డిఫాల్ట్‌గా నడుస్తుంటుంది, దానిని ముందే ఆపండి. అసలు వీలాన్‌లోకి మారాక ముందు రూట్లు తీసుకోవడం మాత్రమే మొదలుపెట్టి, ఆర్‌పీకేఐ తిరస్కరణలు చూసుకుని, మరుసటి రోజు తక్కువ రద్దీ ఉండే వేకువజామున ఒక్క /24ను మాత్రమే ప్రకటించండి. ఎక్స్ఛేంజ్ లుకింగ్ గ్లాస్‌లో (అక్కడికి చేరిన రూట్లను చూపే వెబ్ పేజీలో) అది సరైన ఏఎస్ నంబరుతో కనబడుతోందని, తిరుగు ట్రాఫిక్ ఆ పోర్టు మీదే వస్తోందని నిర్ధారించుకున్నాక మిగిలిన బ్లాకులు కలపండి. ఎక్స్ఛేంజ్ వారి పీరింగ్ లాన్ ప్రిఫిక్స్‌ను (సభ్యుల పోర్టులకు ఇచ్చే చిరునామాల బ్లాకును) మాత్రం ఎవరికీ ప్రకటించకూడదు. మీ లోపలి రౌటర్లకు నెక్స్ట్ హాప్ సెల్ఫ్ (బయటి రూట్లకు తర్వాతి మజిలీగా ఈ రౌటర్‌నే చూపే అమరిక) పెడితే దాని అవసరమే రాదు.